రెండు డిగ్రీల రక్తం

కొత్త సరుకు వస్తే కాటా పెట్టె పై వరసను చూడడు. మూత తీసి, చెయ్యి లోపలికంటా దూర్చి, అడుగునున్న పండును పైకి లాగి చూస్తాడు. పై వరస అమ్మేవాడు చూపించదలచుకున్నది, అడుగు వరస దాచదలచుకున్నది. పళ్లూ కూరగాయలూ చలిగదుల్లో నిలవచేసే వ్యాపారంలో ముప్పై ఏళ్లుగా ఆయన నేర్చుకున్న చదువంతా ఇదే. పైగా దేన్నైనా తూచందే నమ్మడు, అందుకే అందరూ ఆయన్ని కాటా అంటారు. ఎదురుగా అనరు గానీ, అంటారని ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతాడు కూడా.

ఈ మధ్య ఆయన చెయ్యి దూర్చి చూడాల్సిన పెట్టె ఒకటి ఇంట్లోనే తగిలింది. అది బావ.

చిన్నప్పుడు కాటాను చంకనేసుకుని పెంచిన అక్కకు మూత్రపిండాలు నీరసించాయి. కిడ్నీ డాక్టరు అక్కనూ, బావనూ, కాటానూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు. “ఒంట్లో పొటాషియం అని ఒక లవణం ఉంటుంది. తిండితో లోపలికి వస్తుంది. మంచి మూత్రపిండాలైతే మిగిలినదాన్ని బయటికి పంపేస్తాయి. ఈమెవి సగమే పనిచేస్తున్నాయి. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. అయిదు దాటకూడదు. ఆరున్నర తాకితే ఇంట్లో ఉంచొద్దు, నా దగ్గరికి తెచ్చెయ్యండి. వారం వారం రక్తం చూద్దాం.”

వచ్చింది, పోయింది, మిగిలింది. ఈ లెక్క కాటాకు ఒకరు చెప్పక్కర్లేదు. మిగలకూడనిది మిగిలిందంటే రెండే కారణాలు. పోవడం తగ్గుండాలి, లేదా ఎవరో వేస్తుండాలి.

బావ పంపుల మెకానిక్కు. కింద షెడ్డు, పైన కాపురం. అక్క మంచాన పడ్డప్పటి నుంచి వంట కూడా ఆయనే. ఒకరోజు కాటా వెళ్లేసరికి బావ బంగాళాదుంపల్ని కాగితాల్లా తరిగి, గిన్నెడు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోస్తున్నాడు.

“సారమంతా పారబోస్తున్నావేంటి బావా?”

“సారం కాదోయ్, మీ డాక్టరు చెప్పిన లవణం. నానబెడితే నీళ్లలోకి దిగుతుంది.”

“నీకెలా తెలుసు?”

“పంపులవాడికి నీళ్లలో ఏముందో తెలియకపోతే ఎలా? నువ్వు పండు మొహం చూసి జాతకం చెప్పవూ, అలాగే ఇదీ.”

అక్క నవ్వింది. కాటా నవ్వలేదు. ఏ దినుసులోంచి లవణం ఎలా తీయాలో తెలిసినవాడికి ఎలా వేయాలో కూడా తెలుస్తుంది కదా అనుకున్నాడు. అంతకు నెల ముందే బావ ఒక మాట అన్నాడు. ఈ మెట్లు మీ అక్క ఎక్కలేకపోతోంది, ఈ ఇల్లు అమ్మేసి నేలమట్టంగా ఉండేది చూద్దాం అని. ఇల్లు అక్క పేరున ఉంది. ఆ మాట అందరికీ జాలిగా వినిపించింది. కాటాకు పై వరసలా వినిపించింది.

ప్రతి గురువారం మధ్యాహ్నం మూడింటికి ల్యాబు నుంచి ఒకావిడ ఆ వీధిలోకి వస్తుంది. అక్క ఆమెకు సూదమ్మ అని పేరు పెట్టింది. సూదమ్మ అక్క చేతిలోంచి ఒక గొట్టం రక్తం తీసి బావకిస్తుంది. ఆమె సంచీ ఇంకా ఆరేడు వీధులు తిరగాలి, చీకటి పడ్డాక గానీ ల్యాబు చేరదు. బావ తన బండి మీద వెళ్లి అరగంటలో అక్కడ ఇచ్చేస్తాడు. మొదటివారం నాలుగు పాయింట్ ఏడు వచ్చింది.

రెండోవారం కాటా ముందే వెళ్లి ల్యాబు బయట బల్ల మీద కూర్చున్నాడు. బావ ఎన్నింటికి వస్తాడో చూద్దామని. అరగంట గడిచింది. ముప్పావుగంట అయింది. గంటంపావుకు బావ వచ్చాడు, మోకాళ్ల దాకా తడిసి.

“ఎక్కడున్నావు బావా ఇంతసేపూ?”

“దారిలో ఒకరి నేలమాళిగలో నీళ్లు చేరాయి. చూసి వస్తున్నా. వాళ్లేమో ఈ నీళ్లు హఠాత్తుగా ఎక్కణ్ణుంచి వచ్చాయని ఒకటే గోల. హఠాత్తుగా రావడమేంటి! ఆ గోడల్లోంచి నీళ్లు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. పంపు తోడేస్తున్నంతసేపూ ఎవరికీ తెలియదంతే.”

“నీ నీళ్ల సంగతి సరే. రక్తమేదీ?”

బావ చొక్కాజేబు తట్టాడు. గొట్టం జేబులో, పెన్ను పక్కన ఉంది. కాటాకు ఒళ్లు మండిపోయింది.

“జేబులోనా! ఒంటి వేడికి కుళ్లిపోదూ?”

“ఒంట్లోంచే కదయ్యా వచ్చింది. ఒంటి వేడి దానికి కొత్తా?”

ఆవేళ నాలుగు పాయింట్ తొమ్మిది వచ్చింది. పెరిగిందా లేదా? పెరిగింది. వచ్చే వారం నుంచి రక్తం బాధ్యత నాది అని కాటా తేల్చి చెప్పేశాడు. బావ భుజాలు ఎగరేసి సరేనన్నాడు. ఇంత తేలిగ్గా ఎందుకు వదిలేశాడా అని కాటా ఆ సాయంత్రమంతా ఆలోచించాడు.

కాటా చలిగదులు నాలుగు. ఒకటో గదిలో రెండు డిగ్రీలు, ఆపిల్ పళ్లకు. రెండోదీ నాలుగోదీ దుంపలకూ కూరగాయలకూ. మూడో గదిలో మాత్రం పదమూడు డిగ్రీలు, అరటిపళ్లకు. వెనకటికి కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకడు అరటిగెలలు తెచ్చి ఒకటో గదిలో పెట్టాడు. మూడో రోజుకు గెలలన్నీ బొగ్గులా నల్లబడ్డాయి. ఆ గుమాస్తా ఇప్పుడు ఎక్కడున్నాడో గానీ, ఆ రోజు కాటా పెట్టిన చీవాట్లు మాత్రం ఇప్పటికీ గోదాములో చెప్పుకుంటారు.

రక్తానికి కాటా ఒకటో గదే ఇచ్చాడు. ఆయన వ్యాను రోజూ తెల్లవారాక టౌను మార్కెట్టుకు వెళ్తుంది, దారిలోనే ల్యాబు. గురువారం మధ్యాహ్నం సూదమ్మ గొట్టం చేతికిస్తూ, “తొందరగా పంపించండి సార్” అంది.

“పొద్దున్నే మా వ్యానులో వెళ్తుందమ్మా, చల్లగా.”

“పొద్దున్నా?”

“మా గదిలో ఆపిల్ ఆరు నెలలుంటుంది. రక్తం ఒక రాత్రి ఉండదా?”

సూదమ్మకు ఇంకా ఆరు వీధులున్నాయి. అనుమానంగా ఒక చూపు చూసి, చీటీ ఇచ్చి వెళ్లిపోయింది. చీటీ మీద రక్తం తీసిన వేళ రాయడానికి ఒక గడి ఉంది. కాటా మర్నాడు పొద్దున గొట్టాన్ని గదిలోంచి తీసి, ఆ గడిలో ‘ఉదయం ఆరు’ అని రాశాడు. ఆయన అబద్ధం రాయలేదు. చలిగదుల వ్యాపారంలో అందరూ పాటించే పద్ధతి అది. గదిలో ఉన్న కాలం సరుకు వయసులోకి రాదు. తలుపు దాటి బయటికి వచ్చిన వేళే సరుకు వేళ.

ఆ వారం అయిదు పాయింట్ ఎనిమిది వచ్చింది.

డాక్టరు తిండి ఇంకా బిగించాడు. లవణాన్ని పేగుల్లోనే పట్టేసి బయటికి పంపే పొడి ఒకటి రాశాడు. సుద్ద తిన్నట్టుందిరా అని అక్క మొహం చిట్లించింది. కాటా అప్పటికే బావ షెడ్డులో పడ్డాడు. బావ ఎవరింటికో పంపు బిగించడానికి వెళ్లాడు. పాత మోటార్లు, చుట్టలు చుట్టిన రబ్బరు గొట్టాలు, వాషర్ల డబ్బాలు. వాటి వెనక గోనెపట్టా కప్పి ఒక తెల్లటి బస్తా కనిపించింది. మూతి పురికొసతో కట్టి ఉంది. పట్టా ఎత్తి మీద ముద్రించిన అక్షరాలు కూడబలుక్కున్నాడు. పొటాషియం క్లోరైడ్.

కాటా బస్తా మూతి విప్పి, చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాడు. ఉప్పే. కాకపోతే చివర కాస్త చేదు.

ఇంకొకడైతే ఆ బస్తా వీధిలోకి ఈడ్చి నలుగురినీ పిలిచేవాడు. కాటా అలాంటి పని చేయడు. ఆయన జేబులో ఎప్పుడూ కొక్కెం ఉన్న చేతికాటా ఒకటి ఉంటుంది. బస్తాను దానికి తగిలించి తూచాడు. పద్దెనిమిది కిలోల నాలుగు వందలు. మూతి మళ్లీ కట్టేసి, పట్టా కప్పేసి, చేతులు దులుపుకుని పైకి వెళ్లి అక్కను పలకరించాడు.

మరుసటి గురువారం మళ్లీ తూచాడు. పదహారు కిలోల రెండు వందలు. ఆ వారం రక్తంలో ఆరు పాయింట్ రెండు.

బస్తాలో తగ్గింది, అక్కలో పెరిగింది. ఇంతకంటే సరిపోయే లెక్క ఆయన జన్మలో చూడలేదు. పైగా అక్క కాళ్లు పట్టు తప్పుతున్నాయంటోంది. మంచం దిగితే మోకాళ్లు దూదిలా ఉన్నాయంటోంది.

“అక్కా, వారం రోజులు మా ఇంట్లో ఉందువుగాని రా.”

“ఎందుకురా? ఆయన బాగానే చూసుకుంటున్నారుగా.”

“బాగానే చూసుకుంటే కాళ్లెందుకు తేలిపోతున్నాయి?”

అక్క తమ్ముడి మొహంలోకి కాసేపు చూసింది. “ఒరేయ్, నువ్వు నా మొగుణ్ణి పెట్టెలో పండు చూసినట్టు చూస్తున్నావు. అది నాకేం బాగా లేదు.”

“నువ్వు నాలుగు రోజులు రా. తర్వాత మాట్లాడుకుందాం.”

బావ అడ్డు చెప్పలేదు. అక్క బట్టలు తనే సర్ది, మందుల డబ్బా మీద ఏది ఎప్పుడో పెద్ద అక్షరాలతో రాసి, దుంపలు ఎంతసేపు నానబెట్టాలో ఒక కాగితం మీద రాసి పెట్టాడు. మెట్ల మీద అక్కను పట్టుకుని ఒక్కొక్క మెట్టే దింపాడు. వ్యాను తలుపు వేస్తూ, “షెడ్డులో నీకేమైనా కావాలా బావమరిదీ?” అన్నాడు.

కాటా చెయ్యి జేబులోని చేతికాటా మీదికి పోయింది. “నాకేం కావాలి?”

“ఏమో, ఊరికే అడిగా.”

ఆ మాట వారం రోజులు కాటా చెవిలో తిరుగుతూనే ఉంది.

ఇంట్లో ఆయన కాపలా మామూలుగా లేదు. డాక్టరు రాసిన పొడి పూటకు రెండు చెంచాలు తప్పకుండా తనే కలిపి తాగించాడు. అరటిపండు, టమాటా, దుంప అన్నవి గుమ్మం తొక్కనివ్వలేదు. అక్క కంచంలో సగానికి సగం తగ్గించేశాడు. లోపలికి రానివ్వకపోతే పెరగడానికి వీల్లేదు కదా. అయినా మంగళవారానికి అక్క కూర్చున్న చోటి నుంచి లేవడానికి రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది. అప్పుడు ఆయన అనుమానం ఎటు తిరగాలో తెలియక ఇంట్లోనే తిరిగింది. ఉప్పుడబ్బా తీసి రుచి చూశాడు. చెత్తబుట్టలో తొక్కలు లెక్కపెట్టాడు. భార్య వంట చేస్తుంటే తలుపు సందులోంచి చూశాడు.

భార్య గరిటె గట్టిగా గట్టు మీద పెట్టింది. “వదినకు నేనేం పెడుతున్నానో చూడాలంటే దర్జాగా లోపలికి రండి. లేదా ఆ చేతికాటా తెచ్చి నన్నూ తగిలించి తూచండి.”

“నిన్నెవరన్నారే!”

“అనలేదు, చూస్తున్నారు. అంటే బాగుండేది.”

గురువారం సూదమ్మ ఈ ఇంటికే వచ్చింది. ఈసారి కాటా ఇంకా జాగ్రత్తపడ్డాడు. గొట్టాన్ని దూదిలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, ఒకటో గదిలో గాలి నేరుగా తగిలేచోట, అందరికంటే చల్లనిచోట ఉంచాడు. మర్నాడు వ్యాను ఆలస్యమైంది. రక్తం మొత్తం పద్దెనిమిది గంటలు ఆ గదిలో ఉంది. చీటీ మీద ‘ఉదయం తొమ్మిది’ అని రాశాడు.

ఆరు పాయింట్ ఆరు.

డాక్టరే ఫోను చేశాడు. “వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. మెడలో గొట్టం వేసి డయాలిసిస్ చేసేద్దాం. రక్తాన్ని మిషను గుండా తిప్పి లవణం లాగేస్తుంది.”

మెడలో గొట్టం అనగానే అక్క మొహం పాలిపోయింది. ఆమె అడిగింది ఒకటే. “ఆయన్ని పిలవండి.”

ఆస్పత్రి గదిలో అక్క మంచం మీద, ఛాతీకి తీగలు. బావ గ్రీజు చేతులతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. కాటా గది మూలన డాక్టరును ఆపి, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

“డాక్టరుగారూ, ఇది మామూలు జబ్బు కాదు. ఈయన షెడ్డులో పొటాషియం బస్తా ఉంది. మొదట పద్దెనిమిది కిలోల నాలుగు వందలు. వారానికి పదహారు కిలోల రెండు వందలు. మా అక్క రక్తంలో చూడండి, సరిగ్గా ఆ వారమే...”

అక్క కళ్లు మూసుకుంది.

బావ చేతిగుడ్డతో గ్రీజు తుడుచుకుంటూ మెల్లగా చెప్పాడు. “అది సబ్బు నురగ రాని బోరునీళ్లను మెత్తబరిచే మిషన్లలో వేసేదండి. ఆ రెండు కిలోల చిల్లర వీధి చివర బట్టలుతికే దుకాణం వాళ్ల మిషనులో వేశాను. కావాలంటే అడగండి.” తర్వాత భార్య వైపు తిరిగాడు. “మీ తమ్ముడు బస్తా విప్పాడని నాకు మొదటి రోజే తెలుసు. నేను ఒకటే ముడి వేస్తాను. బస్తా మూతికి గోదాము ముడి ఉంది, రెండు చుట్లు, ఒక ఉచ్చు. అడిగితే చెప్పేవాణ్ణి. అడగలేదు, తూచాడు.”

“ముందే ఎక్కించి మా ఇంటికి పంపాడు” అన్నాడు కాటా. “లేకపోతే నా ఇంట్లో ఎలా పెరుగుతుంది?”

డాక్టరు ఆ మాట విననేలేదు. గుండె గీతల కాగితం పట్టుకుని, ల్యాబు కాగితం పక్కన పెట్టి, ఒకదాన్నీ ఇంకోదాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన మొహం చూసి కాటాకు ఒక సంగతి తెలిసిపోయింది. ఈయన కూడా అడుగు వరస చూసే మనిషే.

“ఇందులో ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది” అన్నాడు డాక్టరు. “ఆరున్నర దాటితే ఈ గీతలో గుట్టలు సూదుల్లా పైకి లేవాలి. ఇక్కడ నేలకు అణిగిపోయి ఉన్నాయి. లవణం తక్కువైనవాళ్లకు ఇలా ఉంటుంది.” నర్సు వైపు తిరిగి, “మెడ గొట్టం ఆపండి. ఇప్పుడే, ఇక్కడే రక్తం తీసి పక్కగదిలో మిషనులో పెట్టండి” అన్నాడు.

పది నిమిషాలకు చీటీ వచ్చింది. మూడు పాయింట్ ఒకటి.

“మీ మిషను పాడైంది” అన్నాడు కాటా వెంటనే.

డాక్టరు మళ్లీ తీయించాడు. మూడు పాయింట్ రెండు. ల్యాబు పెద్దాయనకు ఫోను చేశాడు. ఆయన నెరిసిన మీసాల మనిషి, పాత చీటీలన్నీ పట్టుకుని తనే వచ్చాడు. చీటీల మీద ఉదయం ఆరు, ఉదయం తొమ్మిది అని ఉంది, గంటలోపే ల్యాబుకు చేరినట్టుంది. ఆయనకూ అంతు చిక్కలేదు. కాటా వైపు చూశాడు.

“ఈ రాత మీదేనా? రక్తం ఉదయమే తీశారా?”

“గురువారం మధ్యాహ్నం తీశారు. ఉదయం గదిలోంచి తీశాం.”

“ఏ గదిలోంచి?”

“రెండు డిగ్రీలండి” అన్నాడు కాటా, ఛాతీ కాస్త ముందుకు వచ్చింది. “ఒక్క డిగ్రీ అటూ ఇటూ పోనివ్వలేదు.”

ల్యాబు పెద్దాయన మీసం మీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత కుర్చీ లాక్కున్నాడు.

“మీది చలిగదుల వ్యాపారం కదా. అరటిపళ్లు రెండు డిగ్రీల్లో పెడతారా?”

“చచ్చినా పెట్టను. నల్లబడి చస్తాయి.”

“ఆపిల్ చావనిది అరటిపండు ఎందుకు చస్తుంది?”

ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న కాటాను ఎవరూ అడగలేదు. ఆయనా ఎవర్నీ అడగలేదు. చస్తుందని తెలుసు, అంతే.

“చలి కొన్నిటికి నిద్ర, కొన్నిటికి దెబ్బ” అన్నాడు ల్యాబు పెద్దాయన. “చలి దెబ్బ తిన్న పండులో మొదట సడలేది కణాల గోడలే. రక్తంలోనూ కోట్ల కణాలున్నాయి. కణం అంటే ఒక గది అనుకోండి. గదిలోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. గోడలు పూర్తి బిగువు కావు. లోపలిది బయటికీ, బయటిది లోపలికీ కారుతూనే ఉంటుంది. అందుకని గోడలో సన్నటి పంపులుంటాయి. సోడియాన్ని బయటికి తోస్తూ, పొటాషియాన్ని లోపలికి లాగుతూ ఉంటాయి. ఒక్క క్షణం సెలవు లేదు.”

బావ తలెత్తాడు. “వాటికి కరెంటు?”

“చక్కెర. కణం దాన్ని ఇంధనంగా మార్చి పంపులకు పోస్తుంది. కొన్ని కణాలైతే సంపాదనలో సగం ఈ పంపులకే ఖర్చుపెడతాయి.”

“ఇంధనం అయిపోతే?”

“పంపు ఆగుతుంది. సోడియం లోపల చేరుతుంది, దాని వెంట నీళ్లు చేరతాయి. కణం ఉబ్బుతుంది. ఆపైన కాల్షియం చొరబడుతుంది. అది వచ్చిందంటే లోపల మడిచిపెట్టిన కత్తెరలన్నీ తెరుచుకుని సొంత గోడల్నే కత్తిరించడం మొదలుపెడతాయి. చివరికి పగిలిపోతుంది. గుండెకు రక్తం అందకపోయినా, మెదడుకు అందకపోయినా లోపల జరిగేది చాలావరకు ఇదే. ముందు ఇంధనం అయిపోతుంది, తర్వాత పంపు ఆగుతుంది, తర్వాత లోపలి లెక్కా బయటి లెక్కా కలిసిపోతాయి. ఆ తర్వాత చావు.”

“కారడం ఎప్పుడూ ఉంటుంది” అన్నాడు బావ తనలో తను అన్నట్టు. “పంపు ఆగితేనే తెలుస్తుంది.”

“అదే. చలిలో ఇంధనం ఉన్నా పంపు తిరగదు. చిల్లులు మాత్రం మూసుకోవు. పద్దెనిమిది గంటలు ఈ గొట్టంలో కణాల్లోని పొటాషియం బయటికి కారుతూనే ఉంది. మేం కొలిచింది దాన్ని. ఈమె ఒంట్లోనిది కాదు, మీ గదిలోది.”

కాటా ఆఖరి దారి వెతికాడు. “మరి కణాలు చెడితే మీకు కనపడాలి కదా?”

“పగిలుంటే కనపడేది. పైన తేరిన నీరు ఎర్రబడేది, పక్కన పడేసి మళ్లీ తీయమనేవాళ్లం. ఇవింకా పగల్లేదు, కారాయంతే. నీరు తేటగా, శుభ్రంగా ఉంది.”

పై వరస శుభ్రంగా ఉంది. కాటా కుర్చీ వెనక చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. అయిదు చీటీలు, అయిదు అంకెలు ఆయన కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. బావ జేబులో వెళ్లినప్పుడు నాలుగు పాయింట్ ఏడు, నాలుగు పాయింట్ తొమ్మిది. తన గదిలోంచి వెళ్లినప్పటి నుంచే ఆరు వైపు పరుగు. బస్తా తూచినవాడు, తొక్కలు లెక్కపెట్టినవాడు, ఈ ఒక్క పక్క చెయ్యి దూర్చలేదు. ఎందుకంటే ఈ పక్క ఉన్నది తనే.

డాక్టరు ఇంకో సంగతి చెప్పాడు, కాస్త గొంతు తగ్గించి. “ఆ అంకెను నమ్మి నేను పొడి రాశాను. మీరు తిండి తగ్గించారు. నిజంగా ఉన్న లవణం కూడా పడిపోయింది. కాళ్లు తేలిపోయింది అందుకే. ఇవాళ మెడలో గొట్టం వేసి ఉన్నదీ లాగేసుంటే గుండె ఆగేది.” ఆయన నర్సు వైపు తిరిగాడు. “పొడి ఆపండి. రెండు రోజులు ఇక్కడే ఉంచి చూస్తాను. తర్వాత ఇంటికి.”

“ఎవరింటికి?” అంది అక్క మంచం మీంచి.

అందరూ అటు తిరిగారు. అక్క కళ్లు తమ్ముడి మీద ఉన్నాయి.

“నీ నోటితో చెప్పరా. ఎవరింటికి?”

కాటా జేబులోంచి పుస్తకం తీసి బస్తా బరువులు రాసిన కాగితం చింపాడు. చింపాక దాన్ని ఎక్కడ వేయాలో తెలియక ఉండచుట్టి పిడికిట్లో పెట్టుకున్నాడు.

“మీ ఇంటికే అక్కా.”

“ఆయనతో చెప్పు.”

“బావా...” అన్నాడు. బేరంలో ఎప్పుడూ వెనక్కి తగ్గని మనిషికి వెనక్కి తగ్గే మాటలు అలవాటు లేవు.

బావ ఆయన్ని తొందరపెట్టలేదు, తేలిక చేయనూ లేదు. “అరటిపళ్ల సంగతి తెలిసినవాడివి” అన్నాడు చివరికి. “నన్ను కాకపోయినా వాటినైనా గుర్తుచేసుకోవాల్సింది.”

మూడో రోజు అక్కను ఇంటికి తెచ్చారు. కాటా సంచీలు మోస్తూ వెనక ఎక్కాడు. బావ ఒక్కొక్క మెట్టే ఎక్కిస్తుంటే, సగంలో ఆగి, “ఈ మెట్లతో కష్టమే బావా. నేలమట్టం ఇల్లు నేనే చూస్తాను” అన్నాడు. బావ వెనక్కి తిరక్కుండానే, “చూడు. తూచకు” అన్నాడు. అక్క నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

గురువారం మూడింటికి సూదమ్మ వచ్చింది. గొట్టం నింపి, ఎవరి చేతికివ్వాలో తెలియక ఇద్దరినీ చూసింది. కాటా చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్లి, దారిలోనే ఆగి, వీపు వెనక్కి చేరింది.

“పట్టుకోవోయ్” అన్నాడు బావ. “బండి నడిపేవాణ్ణి నేను, నాకు రెండు చేతులూ కావాలి. చీటీ కూడా నువ్వే రాయి. ఎన్ని గంటలకు?”

కాటా గడియారం చూసి, సూదమ్మ గడియారం కూడా చూసి, ‘మధ్యాహ్నం మూడు గంటల అయిదు నిమిషాలు’ అని రాశాడు. గొట్టాన్ని చొక్కాజేబులో పెట్టి, జేబు మీద అరచెయ్యి మూసి, బావ వెనక బండెక్కాడు. గొట్టం ఇంకా వెచ్చగా ఉంది. బావ బండిని పెద్దవీధి వైపు కాకుండా పక్కసందులోకి తిప్పాడు.

కాటా కాసేపు ఓర్చుకున్నాడు. సందు మలుపు దాకా ఓర్చుకున్నాడు.

“బావా, తప్పుగా అనుకోకు” అన్నాడు. “ఇది చుట్టుదారి కదూ?”

“పెద్దవీధిలో తవ్వుతున్నారు.”

“ఓహో” అన్నాడు కాటా. నిజంగా తవ్వుతున్నారా అని ఈసారి మెడ తిప్పి చూడలేదు.